మైనస్ 20లో కూడా కిటికీ బయట పిట్టలు ఉన్నాయి, పాపం ఇరుక్కుపోయాయా?

మీరు అమెరికాలో మిన్నియాపొలిస్ కి కొత్తగా వచ్చానన్నారు, ఈ చలికి పిట్టలన్నీ సౌత్ కి పోతాయనుకుంటే పొద్దున్నే చెట్టు మీద కనిపిస్తున్నాయి, వెళ్ళలేక ఆగిపోయాయా, గింజలు పెడితే వెళ్ళాల్సినవాటిని మనమే ఆపినట్టు అవుతుందా అని అడిగారు. లేదండి, అవి ఎక్కడా ఇరుక్కోలేదు, చాలా వరకు ఇక్కడి పిట్టలే. గింజలు ధైర్యంగా పెట్టండి. వలస వెళ్ళేవి పగలు తగ్గడం చూసి టైముకి బయల్దేరిపోతాయి, మన గుప్పెడు గింజల కోసం ఆగవు.

నాకు నమ్మకం కుదిరింది 2019 జనవరి 30న. ఆ రోజు ఇక్కడ మైనస్ 33 డిగ్రీలు, స్కూళ్ళు మూసేశారు, మేము తలుపు తీయడానికే భయపడ్డాం. తెల్లారగానే చూస్తే బాల్కనీలో గింజలు పోసే ఫీడర్ మీద చికడీ అనే చిన్న పిట్ట. నల్ల టోపీ, తెల్ల బుగ్గలు, ఈకలన్నీ ఉబ్బించుకుని దూది ఉండలా ఉంది. ఒక్క గింజ తీసుకుంది, పక్క కొమ్మ మీదికెళ్ళి కాళ్ళ కింద నొక్కి పెట్టి ముక్కుతో టకటకా పొడిచి పప్పు తినేసింది, మళ్ళీ వచ్చి ఇంకోటి తీసుకుని ఈసారి తినకుండా బెరడు సందులో దాచింది. అలా వందల చోట్ల దాస్తుందట, ఎక్కడ పెట్టిందో నెల దాకా గుర్తుంటుందట. దాని బరువెంతో తెలుసా, 11 గ్రాములు, అంటే మన రూపాయి బిళ్ళలు మూడు!

పగలంతా తిని ఒంటికి కొంచెం కొవ్వు పట్టిస్తుంది, రాత్రి చెట్టు తొర్రలో దూరి వణుకుతూ ఆ కొవ్వే కరిగించుకుంటుంది, పైగా 42 డిగ్రీల దగ్గరుండే ఒంటి వేడిని 10 డిగ్రీల పైనే తగ్గించేసుకుంటుంది, కొవ్వు తెల్లారేదాకా సరిపోవాలి కదా. పొద్దున లేచేసరికి ఏమీ మిగలదు, అందుకే వెంటనే తినాలి. అంటే చలిని ఈకలు ఆపుతాయి, తిండి దొరక్కపోతేనే ప్రాణం మీదికొస్తుంది. పురుగుల మీదే బతికే వార్బ్లర్లు, స్వాలోలు వెళ్ళిపోయేది కూడా ఇక్కడ పురుగులు ఉండవనే. రాబిన్లు కొన్ని ఉండిపోతాయి, వానపాములు మానేసి క్రాబ్ ఆపిల్ లాంటి చెట్ల కాయల మీద గుంపులుగా పడతాయి, లాన్ లో కనపడవు కాబట్టి వెళ్ళిపోయాయనుకుంటాం. పైన బూడిదరంగు, కింద తెల్ల పొట్టతో కనిపించేవి జంకోలు అనే పిట్టలు అయ్యుంటాయి, వాటికి ఇదే సౌత్! కెనడా అడవుల నుంచి దిగుతాయి, మన కొల్లేరుకి చలికాలం బాతులొచ్చినట్టు.

గింజల వల్ల నిజంగా ఉపయోగం ఉందా అంటే ఉంది. పక్క రాష్ట్రం విస్కాన్సిన్ లో 1980ల్లో చికడీల మీద చూస్తే, ఫీడర్ ఉన్నచోట 69 శాతం శీతాకాలం దాటాయి, లేనిచోట 37 శాతమే. తేడా అంతా బాగా చలి పడ్డ నెలల్లోనే. అలాగని వాటికి అలవాటైపోయి అడవి తిండి మర్చిపోతాయని భయపడకండి, మధ్యలో మీరు ఊరెళ్ళినా పర్లేదు.

నల్ల పొద్దుతిరుగుడు గింజలు కొనండి, చికడీ, కార్డినల్ అనే ఇంకో పిట్ట రెండూ తింటాయి. జంకోలకి కింద మంచు తొక్కి చదును చేసి తెల్ల మిల్లెట్ చల్లండి. షాపులో స్యూట్ అని అమ్మేది ఆవు కొవ్వు, అది ఇంట్లో పెట్టుకోవడం ఇష్టం లేకపోతే ఉప్పు వేయని వేరుశెనగపప్పు పెట్టండి. మిక్చర్, కారప్పూస మాత్రం వద్దు, ఉప్పు. రెండు వారాలకోసారి ఫీడర్ కడగాలి, లేకపోతే ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకుంటుంది.

ఒక్కటి మాత్రం దయచేసి వినండి. మొదటి ఏడాది నేను ఫీడర్ ని అద్దాల తలుపుకి పది అడుగుల దూరంలో పెట్టాను. ఒక మధ్యాహ్నం ఠప్ మని చప్పుడు, వెళ్ళి చూస్తే మంచులో జంకో. చేతిలోకి తీసుకుంటే ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది, కాసేపటికి పోయింది. అన్ని వందల మైళ్ళు ఎగిరొచ్చింది నా అద్దానికి గుద్దుకోవడానికా అని చాలా రోజులు బాధపడ్డాను. అద్దానికి మూడడుగుల లోపల పెట్టండి, గుద్దుకున్నా అంత వేగం ఉండదు, లేదా 30 అడుగుల అవతల పెట్టండి.

మా అమ్మ ఒక డిసెంబర్ లో తణుకు నుంచి వచ్చింది, ఫీడర్ మీద పిచ్చుకని చూడగానే "ఇది మన పిచ్చుకే కదరా" అంది. నిజంగానే అదే, 1850ల్లో ఇంగ్లండ్ నుంచి తెచ్చి బ్రూక్లిన్ లో వదిలితే దేశమంతా పాకింది. మన వసారాలో వరి కుచ్చు కట్టేవాళ్ళం గుర్తుందా అని అడిగింది, తర్వాత నుంచి రోజూ పొద్దున్నే స్వెటర్ మీద శాలువా కప్పుకుని గింజలు తనే పోసేది.

జనవరి ఆఖర్లో ఎండ కాసిన రోజు కిటికీ కొంచెం తెరిచి వినండి. మోకాలి లోతు మంచు ఉంటుంది, అయినా చికడీ పాట మొదలెట్టేస్తుంది, రెండే రెండు స్వరాలు, మొదటిది పైన, రెండోది కాస్త కింద. విన్నాక ఇక్కడే రాయండి, ఎదురుచూస్తా.