యువ రచయితకు: వస్తువును ముందు వస్తువుగా చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. బానిసత్వ చరిత్రను వస్తువుల వెంట నడిచి రాయాలన్న ఆలోచన మంచిదే. కానీ పేజీ తిప్పితే చాలు, సంకెళ్ళే. సంకెల యజమాని చేయించిన సామాను. అతని భయం, అతని లెక్క అందులో కనపడతాయి గానీ, కాళ్ళకు వేసుకున్నవాళ్ళ గురించి అది చెప్పేది తక్కువ.

యజమాని సామానైనా సరే, జాలిపడే ముందు అదేం పని చేసిందో కనుక్కో. 1794 డిసెంబరులో కేప్‌టౌన్ దగ్గర మునిగిన పోర్చుగీసు ఓడ సావో జోసే శిథిలాల్లో ఇనుప దిమ్మలు దొరికాయి. మొజాంబిక్ నుంచి నాలుగు వందలకు పైగా మనుషుల్ని బ్రెజిల్‌కు మోసుకుపోతున్న ఓడ అది. మనుషులు మామూలు సరుకంత బరువు ఉండరు, పైగా కదులుతారు. ఓడ ఒరగకుండా అడుగున ఇనుము వేశారు. ఇంతవరకు చెప్పి ఊరుకో. ‘అమానుషం’ అన్న మాట నీ పేరాల్లో ఎక్కడపడితే అక్కడ ఉంది, అన్నీ కొట్టేశాను.

చార్ల్‌స్టన్ బిళ్ళల గురించి రెండే వాక్యాలు రాశావు, అదొక్కటే నాకు కోపం తెప్పించింది. అమెరికాలో సౌత్ కరొలైనా రాష్ట్రంలోని ఆ నగరంలో బానిసను బయట కూలికి పంపాలంటే యజమాని ఏటా రుసుం కట్టి రాగి బిళ్ళ తీసుకోవాల్సి వచ్చేది. అరచేతిలో ఇమిడిపోతుంది. తగిలించుకోవడానికి పైన చిల్లు. దాని మీద ఊరి పేరు, సంవత్సరం, ఒక నంబరు, చేసే పని: సేవకుడు, హమాలీ, జాలరి. మనిషి పేరు ఉండదు. ఏడాది దాటితే చెల్లదు, కొత్తది కొనాల్సిందే. కూలి డబ్బులో చాలావరకు యజమానికే. ఆ చిల్లు అంచు ఎంత అరిగిందో చూడు. ఒంటి మీద వేలాడిన రోజుల జాడ ఏదైనా ఉంటే అక్కడే ఉండాలి.

అదే రాష్ట్రంలో, ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతంలో డేవిడ్ డ్రేక్ అనే కుమ్మరి ఉండేవాడు, ఆయనా బానిసే. బానిసలకు చదువు చెప్పడాన్ని 1834లో రాష్ట్ర చట్టం నిషేధించింది. డ్రేక్ మాత్రం పచ్చి జాడీ మీద ‘డేవ్’ అని సంతకం, తేదీ, అప్పుడప్పుడు రెండు పాదాల పద్యం గీసేవాడు. 1857 నాటి జాడీ మీద, నా బంధువులంతా ఎక్కడున్నారో అని రాసుకున్నాడు. దీన్ని తిరుగుబాటు అని తేల్చెయ్యకు. యజమాని పొడి అక్షరాలూ కొన్ని జాడీల మీద ఉన్నాయి, రాతతో సహా అవి అమ్ముడుపోయాయి. రెండూ నిజమే, రెండూ రాయి.

ఎడ్జ్‌ఫీల్డ్ భాగం ముందు రాసి పంపు. ఫొటోలు చూసి రాస్తున్నావు గనక కొలతలు వెతికి పట్టుకో. ఫొటోలో పెద్ద జాడీ, వేలెడు బిళ్ళ ఒకే సైజులో కనపడతాయి.