దోషి మీద జాలి పుట్టించాలంటే

అమ్మడూ,

నీ నవల చిత్తుప్రతి మొత్తం చదివాను. ముడి బాగా వేశావు, విప్పడమూ బాగుంది. ఇబ్బందల్లా ఆ డాక్టరు పాత్రతోనే. అతని మీద జాలి కలగాలని చిన్ననాటి కష్టాలు పేజీలకు పేజీలు రాశావు. చదువుతుంటే జాలి మాట అటుంచి, నువ్వే అతని తరఫున వకాల్తా పుచ్చుకున్నావనిపించింది.

అగాథా క్రిస్టీ 1939లో రాసిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ మళ్లీ తియ్యి. ఈసారి హంతకుడి కోసం కాదు, జనరల్ మెకార్థర్ కోసం చదువు. ఇంగ్లండులోని డెవన్ తీరాన ఒక దీవికి చేరి, పాత నేరాలకు శిక్షగా ఒక్కొక్కరుగా చచ్చే పదిమందిలో ఆయనొకడు. భార్య లెస్లీ ప్రియుణ్ణి యుద్ధంలో కావాలనే చావుకు పంపాడు. దీవిలో గ్రామఫోన్ రికార్డు ఒక్కొక్కరి నేరమూ చదువుతూ ఆయనది చెప్పినప్పుడు అందరిలాగే బుకాయిస్తాడు: యుద్ధమన్నాక చావులు మామూలే, నా భార్య మహా ఉత్తమురాలు అని.

ఆ రాత్రి మంచం మీద ఆయన మనసులోకి మనల్ని తీసుకెళ్తుంది క్రిస్టీ. లెస్లీ ఇద్దరికీ ఉత్తరాలు రాసి, కవర్లు మార్చేసింది. ప్రియుడికి రాసినది మొగుడికి చేరింది. చూశావా, ఆయన బాధకు ఆధారం అంతే, ఒక తప్పు కవరు. బాల్యమూ లేదు, ఉపన్యాసమూ లేదు. పైగా ఆ రిచ్‌మండ్ అనే కుర్రాడంటే ఆయనకు ఇష్టం. అది దాచకపోవడం వల్లే నేరం బరువు తగ్గలేదు. నీ డాక్టరు చేతిలో చనిపోయినవాణ్ణి నువ్వు దుర్మార్గుణ్ణి చేసేశావు. అక్కడే నేరం తేలికైపోయింది.

తర్వాత ఆయన సముద్రం వైపు చూస్తూ కూర్చుంటాడు. ఆ పదిమందిలోనే ఉన్న వెరా అనే అమ్మాయి దగ్గర తను చేసిందంతా ఒప్పుకుంటాడు, అంతా ముగిసిపోతున్నందుకు హాయిగా ఉందంటాడు. నాకు ఆయన మీద జాలి పుట్టింది అక్కడ. క్షమించమని అడగడు, ఇక బుకాయించడు, అంతే. ఇదంతా ఆయన చావుకు ముందే జరగడం గమనించు. నువ్వేమో డాక్టరు పోయాక ఉత్తరం దొరికించావు. పోయాక దొరికే ఉత్తరాలు కథకుడికి సులువు, పాఠకుడికి విసుగు.

అదే పుస్తకంలో, ఆ పదిమందిలో ఇంకొకావిడ ఎమిలీ బ్రెంట్‌ను జనరల్‌తో పోల్చి చూడు. గర్భవతైన పనిపిల్లను ఇంట్లోంచి గెంటేస్తే ఆ పిల్ల నీళ్లలో దూకి చచ్చిపోయింది. తన తప్పేమీ లేదనే మాట మీదే ఉంటుందావిడ. కానీ డైరీ రాస్తూ రాస్తూ, హంతకురాలి పేరు బియాట్రిస్ టేలర్ అని ఆ చనిపోయిన పిల్ల పేరే రాసేస్తుంది. ఆవిడ నోరు ఒప్పుకోనిది చెయ్యి ఒప్పుకుంది. జనరల్ మీద కలిగినంత జాలి నాకు ఆవిడ మీద కలగలేదు గానీ, ఆ పేజీ మాత్రం వదల్లేదు నన్ను.

ఇంకో సంగతి. 1943లో క్రిస్టీయే దీన్ని నాటకం చేసినప్పుడు ముగింపు మార్చి ఇద్దర్ని బతికించింది, వాళ్లను నిర్దోషుల్నీ చేసింది. రంగస్థలం అవసరం అది, కాదనను. నాకైతే నవలే గొప్పగా తోస్తుంది. నీ ప్రచురణకర్త డాక్టర్ని నిర్దోషిని చెయ్యమంటే మాత్రం ఒప్పుకోకు.

ముందు బాల్యం అధ్యాయం తీసెయ్యి. చనిపోయినవాడికి ఒక మంచి గుణం ఇవ్వు, అదీ డాక్టరు కళ్లతోనే కనపడాలి. ఉత్తరం బదులు, డాక్టరు బతికుండగానే ఎవరో ఒకరితో రెండు మాటలనిపించు, అదీ పోలీసుతో కాదు. ఆ సన్నివేశం ఒక్కటి రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న