ట్రక్కు సస్పెన్షన్‌కు 2,900 డాలర్లు పెట్టాలా?

ప్రశ్న: సార్, మేము అమెరికాలో ఉంటున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. మాకు 2021 మోడల్ హాఫ్ టన్ పికప్ ట్రక్కు ఉంది, దాని లోను తీరిపోయింది. ఈ మధ్య ఒక ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించుకుని వెళ్లే చక్రాల ఇల్లు) చూశాం. ఖరీదు 31,000 డాలర్లు. 3,000 మేము కడితే మిగతా 28,000కు 8.5 శాతం వడ్డీతో 15 ఏళ్ల లోను ఇస్తామన్నారు. ట్రైలర్ ఖాళీ బరువు 5,600 పౌండ్లు, సామాన్లతో గరిష్ఠంగా 7,000. మా ట్రక్కు 9,200 లాగుతుంది కాబట్టి ఇబ్బందే లేదని, వెనక కుంగకుండా సస్పెన్షన్ అప్‌గ్రేడ్ చేయించుకుంటే చాలని డీలర్ చెప్పాడు. వెనక స్ప్రింగులకు తోడుగా గాలి నింపే ఎయిర్‌బ్యాగులు, వాటికి గాలి కొట్టే కంప్రెసర్, కొత్త షాక్ అబ్జార్బర్లు, పక్కలకు ఊగకుండా ఆపే వెనక స్వే బార్, లేబర్ అన్నీ కలిపి ఒక షాపులో 2,900 కొటేషన్ ఇచ్చారు. 3,000 కట్టేశాక సేవింగ్స్‌లో 11,000 మిగులుతాయి. మా నెల ఖర్చు 5,500. సేవింగ్స్ ముట్టుకోకుండా ఈ 2,900ను 22 శాతం క్రెడిట్ కార్డు మీద పెట్టి నెలకు వంద చొప్పున కట్టుకోవచ్చా? లేక ఇంకో 25,000 లోను తీసుకుని ఎక్కువ బరువు మోసే త్రీ క్వార్టర్ టన్ తరగతి ట్రక్కుకు మారడం మేలా? ట్రైలర్ లోను వడ్డీకి టాక్స్ మినహాయింపు వస్తుందంటున్నారు, నిజమేనా? ఏడాదికి పన్నెండు, పదిహేను రాత్రులు వాడతాం అనుకుంటున్నాం. డ్రైవర్ డోరు పక్కనున్న స్టిక్కర్ ఫోటో కూడా పంపుతున్నాను.

జవాబు: ఆ ఫోటో పంపి మంచి పని చేశారు. మీ ఉత్తరంలోని అంకెలన్నిటికన్నా అందులో ఉన్న 1,480 ముఖ్యం. మనుషులు, సామాన్లు అన్నీ కలిపి ఇంతకు మించకూడదని ట్రక్కు తయారుచేసినవాళ్లు రాసిన బరువు అది. దాన్నే పేలోడ్ అంటారు. మీ డీలర్ 9,200 గురించి చెప్పాడు, దీని ఊసెత్తలేదు. లాగడం వేరు, మోయడం వేరు. ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. పది నుంచి పదిహేను శాతం ట్రక్కు వెనక ట్రైలర్‌ను తగిలించే గుండు, అంటే హిచ్ బాల్ మీద పడుతుంది. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. ఆ బరువును మోసేది మీ ట్రక్కే, కాబట్టి అది 1,480లోంచే పోతుంది.

లెక్క వేద్దాం. మీరు 180, మీ ఆవిడ 145, పిల్లలు 90, 60 అనుకుంటే మనుషులే 475 పౌండ్లు. వెనక సామాన్లు వేసే తొట్టి, అంటే బెడ్‌లో కూలర్, కుర్చీలు, పనిముట్లు, పిల్లల సైకిళ్లు వేస్తే 150 సులువుగా అవుతుంది. ఈ సైజు ట్రైలర్‌ను తగిలించడానికి వాడే, బరువును సర్దే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 90 దాకా తూగుతుంది. మొత్తం 715. టంగ్ వెయిట్‌కు మిగిలింది 765.

ఇప్పుడు ట్రైలర్ సంగతి. బ్రోషర్‌లోని 5,600లో నీళ్లు, గిన్నెలు, పరుపులు, బట్టలు ఏవీ ఉండవు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. ముప్పై గ్యాలన్లు నింపితే అక్కడే దాదాపు 250 అవుతుంది. నలుగురు వారం రోజులకు బయలుదేరితే 6,600కు తగ్గదు. అందులో 13 శాతం 858. అంటే మీకు మిగిలిన 765 కంటే 93 పౌండ్లు ఎక్కువ. డీలర్ అదే లెక్కను ఖాళీ బరువు మీద, పది శాతంతో వేస్తే 560 వస్తుంది. కాగితం మీద అంతా బాగానే కనిపిస్తుంది.

మరి 2,900 పెట్టి సస్పెన్షన్ మారిస్తే ఆ 1,480 పెరుగుతుందా? పెరగదు. ఎయిర్‌బ్యాగులు అమ్మే కంపెనీలే తమ కాగితాల్లో, ఇవి బిగించినా వాహనం బరువు పరిమితి మారదని రాస్తాయి. పరిమితి ఒక్క స్ప్రింగుల వల్లే రాదు. యాక్సిల్, బ్రేకులు, టైర్లు, రిమ్ములు, ఫ్రేమ్ అన్నీ కలిపి చూసి పెట్టిన అంకె అది. స్ప్రింగుకు బలం వచ్చినంత మాత్రాన బ్రేకుకు రాదు. పైగా ఆ కంప్రెసర్, స్వే బార్, బ్రాకెట్లు కూడా బరువే. పది పౌండ్లో, నలభయ్యో, మీ పేలోడ్‌లోంచి పోయేదే. బరువు ఎక్కువైందని డబ్బు పెట్టి ఇంకొంచెం బరువు కొనుక్కుంటున్నారన్నమాట.

ఎయిర్‌బ్యాగులు ఏం చేస్తాయో నాకు అనుభవమే. కొన్నేళ్ల కిందట నా పాత ట్రక్కుకు ఒక షాపులో వేయించాను. ట్రైలర్ తగిలించి చూస్తే ట్రక్కు నేలకు సమాంతరంగా, ముచ్చటగా నిలబడింది. ఇక టెన్షన్ లేదనుకున్నాను. హైవే మీద పెద్ద సెమీ ట్రక్కు పక్కనుంచి దూసుకుపోయినప్పుడు స్టీరింగ్ చేతిలో తేలిపోయినట్లయింది. తర్వాత ట్రక్ స్టాప్‌లో తూకం వేయిస్తే, ముందు చక్రాల మీద బరువు ట్రైలర్ లేనప్పటి కంటే 280 పౌండ్లు తక్కువ! కారణం సులువే. హిచ్ బాల్ వెనక ఇరుసుకు ఇంకా వెనకాల ఉంటుంది. దాని మీద బరువు పడితే ఉయ్యాల బల్లలాగా ముందు భాగం లేస్తుంది. ఎయిర్‌బ్యాగు కుంగిన వెనక భాగాన్ని లేపుతుంది తప్ప, ముందు చక్రాల మీదకు బరువును తిరిగి తేలేదు. కంటికి అంతా సరిగ్గా కనిపిస్తుంది, స్టీరింగ్, ముందు బ్రేకులు మాత్రం తేలికగానే ఉండిపోతాయి. ఆ బరువులో కొంత ముందుకు, కొంత ట్రైలర్ చక్రాల మీదకు నెట్టేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. నా హిచ్ హెడ్ వాలు సరిచేసి, బార్లు బిగించి మళ్లీ తూకం వేయిస్తే ఆ 280లో చాలా వరకు తిరిగి వచ్చింది. షాపువాడికి కట్టిన డబ్బు మాత్రం రాలేదు.

అందుకే మీరు ముందు పెట్టాల్సిన ఖర్చు ఇరవై డాలర్ల లోపే. ట్రైలర్ కొనకముందే పెట్టండి. ట్యాంకు నింపి, నలుగురూ కూర్చుని, ట్రిప్‌కు వెళ్లే సామాన్లన్నీ బెడ్‌లో వేసుకుని ట్రక్ స్టాప్‌లో బండ్లను తూచే క్యాట్ స్కేల్ ఎక్కండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు వేర్వేరుగా తూచి చీటీ ఇస్తారు. డోరు పక్కనే ఇంకో స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్ అని ఉంటుంది, అంటే ట్రక్కు, అందులోని మనుషులు, సామాన్లు అన్నీ కలిపి ఉండగల గరిష్ఠ బరువు. అందులోంచి చీటీ మీది మొత్తం తీసేయండి. వచ్చినదాంట్లోంచి హిచ్ బరువు 90 కూడా తీసేస్తే మీకు నిజంగా మిగిలిన టంగ్ వెయిట్ తెలుస్తుంది. నేను పైన వేసినవి అంచనాలు, చీటీ మీదవి నిజాలు. బెడ్ కవర్, సైడ్ స్టెప్పుల్లాంటివి తర్వాత వేయించి ఉంటే అవి కూడా ఈ తూకంలోనే దొరికిపోతాయి.

నా అంచనాలోని 765 నిజమే అయితే, 15 శాతం లెక్కన మీ ట్రక్కుకు నప్పే ట్రైలర్ సామాన్లతో కలిపి 5,100 పౌండ్లు. ఇప్పుడు చూసింది కాదు, దానికన్నా ఒక సైజు చిన్నది. ఇక్కడ సస్పెన్షన్ ప్రశ్న డబ్బు ప్రశ్నగా మారుతుంది, ఎందుకంటే చిన్న ట్రైలర్ ధర కూడా చిన్నదే.

మీ లోను చూడండి. 28,000, 8.5 శాతం, 15 ఏళ్లు. నెలకు దాదాపు 276 డాలర్లు. వినడానికి తక్కువే. పదిహేనేళ్లలో మీరు కట్టేది 49,600 పైచిలుకు, అందులో వడ్డీయే 21,600. కొత్త ట్రైలర్ విలువ మొదటి కొన్నేళ్లలోనే బాగా పడిపోతుంది, ఇంత పొడవైన లోనులో అసలు మాత్రం నత్త నడక నడుస్తుంది. నాలుగో ఏట అమ్ముదామంటే వచ్చే ధర కంటే బ్యాంకు బాకీ ఎక్కువ ఉండే ప్రమాదం గట్టిగానే ఉంది. అదే మూడు, నాలుగేళ్లు వాడిన తేలికపాటి ట్రైలర్‌కు 15,000 లోను, అదే వడ్డీకి ఏడేళ్లకు తీసుకున్నారనుకోండి. నెలకు 238 అవుతుంది, మొత్తం వడ్డీ 5,000 లోపే. నెలకు 38 డాలర్లు తక్కువ కడుతూ ఎనిమిదేళ్లు ముందే బయటపడతారు.

కార్డు సంగతి ఒక్క మాటలో చెప్తాను, వద్దు. 2,900ను 22 శాతం మీద పెట్టి నెలకు వంద కడితే తీరడానికి 42 నెలలు పడుతుంది, వడ్డీ దాదాపు 1,270 అవుతుంది. అప్పటికి ఆ షాకులు కూడా అరుగుతూ ఉంటాయి.

త్రీ క్వార్టర్ టన్ ఆలోచన సాంకేతికంగా తప్పు కాదు. పేలోడ్ ఎక్కువ, బ్రేకులు పెద్దవి. అయితే డీజిల్ ఇంజిన్ చాలా బరువు కాబట్టి, అదే తరగతి పెట్రోల్ ట్రక్కు కంటే డీజిల్ దాని పేలోడ్ తక్కువ ఉండటం మామూలే. పెద్ద ట్రక్కు కొన్నా ఆ స్టిక్కర్ చదవక తప్పదు. నా అభ్యంతరం వేరే. ఏడాదికి పదిహేను రాత్రుల కోసం, లోను తీరిన ట్రక్కును వదిలి 25,000 కొత్త అప్పు నెత్తిన పెట్టుకుని, మిగతా 350 రోజులూ ఆ పెద్ద బండిని ఆఫీసుకు, కిరాణాకు తిప్పుకుంటారా? ట్రైలర్‌ను ఏళ్ల తరబడి వాడి, ఇంకా పెద్దది కావాలనిపించినప్పుడు ఆ మాట ఆలోచిద్దాం.

టాక్స్ గురించి మీకు చెప్పినవాళ్లు సగం నిజం చెప్పారు. పడుకోవడానికి, వండుకోవడానికి, టాయిలెట్‌కు సదుపాయం ఉన్న ట్రైలర్‌ను అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ రెండో ఇల్లుగా ఒప్పుకుంటుంది. లోను దాని మీదే తీసుకుని ఉంటే ఆ వడ్డీని మినహాయింపుగా చూపవచ్చు. కానీ మినహాయింపులను విడివిడిగా లెక్క చూపేవాళ్లకే, అంటే ఇటమైజ్ చేసేవాళ్లకే ఆ లాభం. అలా లెక్క చూపకపోయినా వచ్చే స్టాండర్డ్ డిడక్షన్, దంపతులు కలిసి ఫైల్ చేస్తే 2025కు 31,500 డాలర్లు. మీ ట్రైలర్ మొదటి ఏడాది వడ్డీ 2,300 చుట్టూ ఉంటుంది. ఈ వడ్డీతో పాటు ఇంటి లోను వడ్డీ, ప్రాపర్టీ టాక్స్, విరాళాల్లాంటివన్నీ కలిపి ఆ ఏటి స్టాండర్డ్ డిడక్షన్ దాటకపోతే దీనివల్ల మీకు పైసా మిగలదు. టాక్స్ కోసం ట్రైలర్ కొనడమంటే డిస్కౌంట్ ఉందని అవసరం లేని చీర కొన్నట్లే.

నన్ను నిజంగా కలవరపెట్టింది మీరు మామూలుగా రాసేసిన ఆ 11,000. నెల ఖర్చు 5,500 అయితే అది సరిగ్గా రెండు నెలల డబ్బు. మీ వీసా సంగతి రాయలేదు. ఒకవేళ హెచ్‌1బీ మీద ఉంటే, ఉద్యోగం పోయాక దొరికే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలలూ ఈ రెండు నెలల డబ్బుతో సరిపెట్టుకుంటూ, ఇంకోపక్క బాకీ కంటే తక్కువ ధర పలికే ట్రైలర్‌కు కొనేవాడిని వెతుక్కోవాల్సి వస్తే ఎలా ఉంటుందో మీ ఆవిడతో కలిసి ఒకసారి ఊహించుకోండి. గ్రీన్‌కార్డో, పౌరసత్వమో ఉన్నా సరే, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో కనీసం నాలుగు నెలల ఖర్చు, అంటే 22,000 చేతిలో ఉండాలంటాను. అది కూడేదాకా ఒక సీజన్ ఆగండి. ఆ సీజన్‌లో 5,000 పౌండ్ల లోపు ట్రైలర్‌ను ఒకసారి అద్దెకు తీసుకుని వెళ్లి రండి. వర్షం పడే రాత్రి నలుగురూ ఆ చిన్న గదిలో ఉంటే పిల్లలు ఏమంటారో కూడా తెలుస్తుంది. అయితే మీ ఆటో పాలసీ అద్దె ట్రైలర్‌కు ఎంతవరకు వర్తిస్తుందో ముందే అడగండి. సాధారణంగా ఎదుటివాళ్లకు జరిగే నష్టం వరకు ట్రక్కు పాలసీయే చూసుకుంటుంది, ట్రైలర్‌కు జరిగే నష్టానికి మాత్రం విడిగా పాలసీ ఉండాలి.

చిన్న ట్రైలర్ కొన్నాక ట్రక్కు మీద అసలు ఖర్చే వద్దంటున్నానా? కాదు. స్వే కంట్రోల్ ఉన్న వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, దాన్ని తెలిసినవాళ్లతో సరిగ్గా బిగించడం, రెండూ కలిపి వెయ్యి డాలర్ల చుట్టుపక్కల పక్కన పెట్టండి. ట్రక్కులో ట్రైలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ ముందే ఉందేమో చూడండి, లేకపోతే అది తప్పనిసరి. టైర్లు మార్చే టైమ్ వస్తే పక్క గోడలు గట్టిగా ఉండే ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం వేయించండి, ట్రైలర్ లాగేటప్పుడు ఊగడం బాగా తగ్గుతుంది. కొత్త షాకులు పాతవి అరిగి ఉంటేనే. ఇవన్నీ అయ్యాక కూడా, బరువు పరిమితి లోపలే ఉండి వెనక భాగం కాస్త కుంగుతుంటే, అప్పుడు ఎయిర్‌బ్యాగులు వేయించుకోండి, తప్పులేదు. కంప్రెసర్ లేకుండా చేత్తో గాలి కొట్టుకునే కిట్ కొన్ని వందల్లో వస్తుంది. ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్లేవాళ్లకు సీట్లో కూర్చుని బటన్ నొక్కే సౌకర్యం దేనికి?

బయటి పార్టు వేయిస్తే వారంటీ మొత్తం పోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం, ఆ పార్టు వల్లే పాడైందని కంపెనీ చూపించాలి. అలాగని పరిమితి దాటిన బరువుతో యాక్సిల్ పాడైతే ఆ చట్టం మిమ్మల్ని కాపాడదు.

తూకం చీటీ వచ్చాక దాని ఫోటో, జీవీడబ్ల్యూఆర్ అంకె నాకు పంపండి, మిగిలిన టంగ్ వెయిట్ ఎంతో కలిసి చూద్దాం. అప్పటిదాకా డీలర్‌కు డిపాజిట్ కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే, అది వెనక్కి ఇస్తారో లేదో రసీదు మీద ఏం రాసుందో ఈరోజే చూడండి.