గుడ్ అనేసి వదిలేయకు చిన్నీ

చిన్నీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా, వీడియో కూడా రెండుసార్లు చూశా. మీ అంగన్‌వాడీ సెంటర్ నీట్‌గా ఉంది, పిల్లలు నీ మీద పడి మరీ కూర్చుంటున్నారు, భయం లేదు, కొత్తగా చేరినదానికి అది చాలా పెద్ద విషయమే. కానీ ఎలా ఉందో నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా, ఏమనుకోకు, ఆ వీడియోలో మాట్లాడిందంతా నువ్వే. పిల్లల నోట్లోంచి వచ్చినవి "ఎస్ టీచర్", "ఆవూ", "అర్థమైంది టీచర్", అంతే.

ఇది నీ ఒక్కదాని సంగతి కాదులే. నేను టీచర్‌గా చేసి తర్వాత సూపర్‌వైజర్‌గా ఎన్ని సెంటర్లు తిరిగానో, ఎక్కడికెళ్లినా ఇదే పాట, "అర్థమైందా పిల్లలూఊ" అని టీచర్ సాగదీస్తుంది, "అర్థమైంది టీచరూఊ" అని వాళ్లు అంతకంటే సాగదీస్తారు, గంగిరెద్దుల్లా తలలూపుతారు, ఎవడికేం అర్థమైందో దేవుడికెరుక. మనల్నీ చిన్నప్పుడు అలాగే చదివించారు కదా, అందుకే అలా నోటికొచ్చేస్తుంది. నువ్వు పాటలు మానెయ్యొద్దు, అందరూ కలిసి అనేవి అననీ, వాటి పని వాటికుంది. కానీ పిల్లాడికి మాట వచ్చేది, బుర్ర కదిలేది మాత్రం వాడు ఏదో ఒకటి అన్నాక నువ్వు తిరిగి ఏమంటావో దాన్ని బట్టే. పాఠం ఎంత బాగా చెప్పావన్నది దాని తర్వాతే నన్నడిగితే.

నీ వీడియోలోనే ఒకటుంది చూడు, ఆ పచ్చ గౌను పిల్ల చింతపిక్కలు లెక్కపెట్టి ఐదు అంది, ఉన్నవి నాలుగు, నువ్వు "కాదమ్మా, నాలుగు" అనేసి పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయావు. వీడియో అక్కడ ఆపి దాని మొహం చూడు. నాలుగు అన్న మాట వినబడింది దానికి, ఎందుకు నాలుగో తెలీలేదు. ఇంకొంచెం వెనక్కి జరిపి చూస్తే తెలుస్తుంది, అది వేలు పెట్టి లెక్కేస్తూ మూడో పిక్కని రెండుసార్లు ముట్టుకుంది. అంకెలు వరసగానే వచ్చాయి, తేడా వచ్చింది వేలి దగ్గర. అక్కడ నువ్వు చెయ్యాల్సింది చాలా చిన్న పని, "ఐదొచ్చాయా? ఏదీ ఇంకోసారి లెక్కేద్దాం, ఈసారి లెక్కేసినదాన్ని ఇటు పక్కకి జరుపుకుంటూ పోదాం" అనడమే. జరుపుతూ లెక్కేస్తే నాలుగు దగ్గర పిక్కలు అయిపోతాయి, అప్పుడు అదే తలెత్తి నీ వైపు చూస్తుంది. "మరి ఇందాక ఐదెందుకొచ్చాయే?" అని అడుగు. చెప్పగలిగితే చెప్తుంది, చెప్పలేకపోతే "ఒకదాన్ని రెండుసార్లు ముట్టుకున్నావు" అని నువ్వే చెప్పు, ఏం కొంప మునగదు. మొత్తం కలిపి నిమిషం కూడా పట్టదు.

దీన్నే ట్రైనింగుల్లో స్కాఫోల్డింగ్ అని పెద్ద పేరు పెట్టి చెప్తారు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అని ముగ్గురు మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలకి చెక్క దిమ్మలిచ్చి గోపురంలాంటిది కట్టిస్తూ పక్కన పెద్దవాళ్లు ఎలా సాయం చేస్తే పని జరుగుతుందో రాశారు, ఆ మాట అక్కడి నుంచి పాకింది. వాళ్లు చెప్పింది సింపుల్, పిల్లాడు ఆగిన చోట ఎంత అవసరమో అంతే అందించు, వాడికి చేతనైంది వాణ్ణే చెయ్యనీ. మనం రెండు రకాలుగా చెడగొడతాం, ఒకటి పనంతా మనమే చేసేస్తాం, లేదంటే "నువ్వే చెయ్యి" అని గాలికొదిలేస్తాం.

ఇక గుడ్, వెరీ గుడ్, అందరూ క్లాప్స్ కొట్టండి. ఈ మూడూ కాస్త తగ్గించు. మెచ్చుకోవద్దని కాదే, పిల్లాణ్ణి మెచ్చుకోకపోతే ఎట్లా, కానీ గుడ్ అనగానే మాట అక్కడితో ఆగిపోతుంది, వాడు బొమ్మ నీ మొహం మీదికి తెచ్చి పెట్టాడు, నువ్వు చూడకుండానే గుడ్ అన్నావు, వాడు వెళ్లి ఇంకో గీత గీసుకొచ్చి మళ్లీ నీ మొహం మీద పెట్టాడు, మళ్లీ గుడ్, ఇక వాడికి బొమ్మతో పని లేదు, నీ గుడ్‌తోనే పని. దాని బదులు నీకు కనిపించింది చెప్పు. "ఈ బస్సుకి ఇన్ని చక్రాలేశావే!" అను, ఆగు. "ఇది పెద్ద బస్సు టీచర్, మా మామయ్య ఊరెళ్లేది" అంటాడు, ఇక ఆ బస్సు ఎటు పోతే నువ్వూ అటు పో. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు బళ్లో పిల్లల మీద చూశారు, అంటే మన పిల్లలకంటే పెద్దవాళ్లు, ఐదో క్లాసు వాళ్లు. "నువ్వు తెలివైనదానివి" అని మెచ్చుకున్న పిల్లలు ఒకసారి కష్టమైన పజిల్స్ తప్పాక ఇక వాటి మీద ఇష్టం, పట్టుదల తగ్గించేసుకున్నారట, "బాగా కష్టపడి చేశావు" అనిపించుకున్నవాళ్లు వదల్లేదట. నాకు అందులో ఆశ్చర్యమేం అనిపించలేదు, పిల్లలు మనం ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, మనకి ఏది ఇష్టమో కనిపెట్టి దాన్నే పట్టుకుంటారు.

ఇంకోటి, అడిగాక ఆగవే తల్లీ! "ఇదేంటి?" అని నువ్వే అడిగి, ఊపిరి తీసుకోకుండా "ఆవు కదా" అని నువ్వే చెప్పేస్తున్నావు. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో క్లాసుల్లో టేపులు పెట్టి మరీ విన్నది, టీచర్లు ప్రశ్న అడిగాక ఆగేది ఒక సెకను, అంతే. అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు అంటే నీకు నవ్వొస్తుంది గానీ పాతికమంది పిల్లల మధ్య నోరు మూసుకుని నిలబడి చూడు, యుగంలా ఉంటుంది. మూడేళ్లవాడికి ఆ మూడూ చాలవు, వాడు మాట వెతుక్కోవాలి కదా. ఇంకొంచెం ఆగు, మనసులో ఏదైనా అనుకుంటూ ఉండు.

ప్రశ్నలు కూడా మరీ ఎక్కువ వద్దు, పోలీసు విచారణ అయిపోతుంది. "ఇదేం రంగు, ఇదెన్ని, దీని పేరేంటి" అని జవాబు నీకు ముందే తెలిసినవి రోజంతా అడిగితే వాళ్లకీ విసుగే. ఎందుకు, ఎలా, ఏమవుతుంది, నీకెలా తెలిసింది, ఇట్లాంటివి పట్టుకో. కాకి, కుండలో నీళ్ల కథ చెప్పాక "కాకి ఏం వేసింది?" అంటే అందరూ కలిసి "రాళ్లూ" అంటారు, అయిపోయింది. "చుట్టుపక్కల ఒక్క రాయి కూడా లేకపోతే ఏం చేసేదో?" అని అడిగి చూడు. నేనడిగితే ఒకడు "వాళ్లమ్మని పిలిచేది" అన్నాడు. తప్పేముంది అందులో! "అమ్మొచ్చి ఏం చేసేదిరా?" అన్నా, అక్కడి నుంచి కుండ పగలగొట్టడాలు, స్ట్రా తేవడాలు, వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు, టైమెక్కడుంది పెద్దమ్మా, పోషణ్ ట్రాకర్ యాప్‌లో పిల్లల వివరాలు ఎక్కించాలి, బరువులు తూచాలి, రిజిస్టర్లు రాయాలి, మధ్యలో మన పై అధికారి సీడీపీఓ మేడమ్ ఫోన్ అని. నిజమే, ఆ పని తగ్గదు, తగ్గుతుందని ఎవరైనా చెప్తే నమ్మకు. అందుకే దీనికి వేరే పీరియడ్ పెట్టుకోవద్దంటున్నా. చేతులు కడిగేటప్పుడు, బరువు తూచేటప్పుడు, భోజనం దగ్గర ఎలాగూ వాళ్లతోనే ఉంటావు కదా, అప్పుడు నీ నోట్లోంచి వచ్చేవి "రా, కూర్చో, తిను, అరవకు" మాత్రమే అయితే ఆ టైమంతా బూడిదలో పోసిన పన్నీరే.

భోజనంలో ఉడికించిన గుడ్డు పెట్టే రోజు ఇది చేసి చూడు. ఎవడో ఒకడు "టీచర్, పొట్టు రావట్లా" అని నీ చేతికిస్తాడు. టకటకా ఒలిచి ఇచ్చేయడం తేలికే. ఇవ్వకు. "ఎటు నుంచి మొదలెట్టావురా?" అను. కోసుగా ఉన్న వైపు చూపిస్తాడు, ఎక్కువమంది అటే మొదలెడతారు. "లావుగా ఉన్న వైపు మెల్లగా కొట్టి చూడు" అను. అటు ఊడొస్తుంది. "ఎందుకొచ్చిందిరా అటు?" అంటే లోపల చూసి "ఖాళీ ఉంది టీచర్" అంటాడు. "అవును, పెంకుకీ గుడ్డుకీ మధ్య గాలి ఉంది, అందుకే నీ గోరు లోపలికి దూరింది. ఆ పల్చటి పొర చూశావా?" అను. చూడు మరి, పెంకు, పొర, గాలి, పల్చగా, కోసుగా, ఇన్ని మాటలు వచ్చి వెళ్లాయి, ఏదీ బోర్డు మీద రాయలేదు, పైగా వాడు వెళ్లి పక్కదానికి "లావు వైపు కొట్టవే" అని చెప్తాడు.

అలాగే నువ్వు చేసే పని పైకి చెప్తూ చెయ్యి. ఆయమ్మ బియ్యం చెరుగుతుంటే పక్కన ఇద్దర్ని కూర్చోబెట్టు. "చేటలో పోసింది, ఎగరేస్తోంది, పొట్టు ముందుకి పోతోంది, బియ్యం చేటలోనే మిగులుతున్నాయి" అని చెప్పు. వాళ్లు చేసేది కూడా చెప్పు, "నువ్వు నల్ల రాళ్లే ఏరుతున్నావు, తెల్లవి దొరకట్లేదా?" అని. నోరు విప్పని పిల్లకి ఇదే మందు, ప్రశ్న వేస్తే ఇంకా ముడుచుకుంటుంది, పక్కన కూర్చుని అది చేసేది చెప్తూ ఉంటే ఏదో ఒక రోజు నిన్ను సరిదిద్దడానికైనా మాట్లాడుతుంది. అన్నట్టు మీ ఆయమ్మ దగ్గర పిల్లలు ఎంత మాట్లాడతారో గమనించు, నీకంటే నాకంటే ఆవిడే మంచి టీచర్ అయ్యుండొచ్చు.

మాట సరిదిద్దడం దగ్గర జాగ్రత్త. మూడేళ్ల పిల్ల "నాన్న వచ్చింది" అంటుంది, "వచ్చింది కాదు, వచ్చాడు అనాలి, అను" అని నిలబెట్టి అనిపించకు. అది నాన్న వచ్చిన సంతోషం చెప్పుకుందామని వచ్చింది. "నాన్న వచ్చాడా! ఏం తెచ్చాడు?" అను. సరైన మాట వినబడిపోయింది, సంతోషం పోలేదు. రెండు మాటలన్నదానికి ఇంకో రెండు కలిపి తిరిగివ్వు, "కుక్క, పరిగెత్తింది" అంటే "అవును, కుక్క పిల్లిని చూసి గోడ పక్క నుంచి పరిగెత్తింది". ఇంటి యాసని మాత్రం ముట్టుకోకు, "ఎల్లాడు" అంటే అది వాళ్ల నాయనమ్మ మాట, తప్పు కాదు. ఇంట్లో ఉర్దూనో లంబాడీనో మాట్లాడే పిల్లలు నీ దగ్గర ఉన్నారన్నావు కదా, వాడు "పానీ" అంటే "పానీ కావాలా, ఇదిగో నీళ్లు తాగు" అను, రెండూ ఉండనీ. వాళ్ల మాటలు ఓ పది నువ్వు నేర్చుకో, వాళ్లమ్మని అడిగితే ఎంత సంబరంగా చెప్తుందో. 2020లో వచ్చిన కొత్త విద్యా విధానం కూడా చిన్న క్లాసుల్లో వీలైనంత వరకు ఇంటి భాషే ఉండాలంది, ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పు.

మా అమ్మాయి డాలస్‌లో ప్రీస్కూల్లో చేస్తుంది కదా, అది చెప్తుంటుంది, వాళ్లకి హెడ్ స్టార్ట్ అని మన అంగన్‌వాడీల్లాంటివి 1965 నుంచి ఉన్నాయట, మనవి 1975లో మొదలయ్యాయి. అక్కడ క్లాస్ అని ఒక కొలత పెట్టి, ఎవరో వచ్చి వెనక కూర్చుని టీచర్ పిల్లలతో ఎలా మాట్లాడుతుందో ఒకటి నుంచి ఏడు దాకా మార్కులేస్తారు. ప్రేమగా ఉండటంలో వాళ్ల టీచర్లకి ఆరు దాకా వస్తాయి, పిల్లలతో ఆలోచింపజేసే మాటలు మాట్లాడటంలో మాత్రం మూడు దగ్గరే ఆగిపోతుందట. అంత డబ్బున్న దేశంలోనే! కాబట్టి నువ్వు రెండు నెలలకే రాలేదని దిగులు పడకు.

రోజూ పాతికమందితో ఇలా కుదరదు. రోజుకి ఇద్దర్నో ముగ్గుర్నో అనుకో, ఆ రోజు ఎవరితో అయినా సరే ఒక సంగతి మీద మీ ఇద్దరి మధ్య మాట నాలుగైదుసార్లు అటూ ఇటూ నడవాలి, ఎవరితో అయిందో ఏదైనా పాత నోట్‌బుక్‌లో టిక్ పెట్టుకో. లేకపోతే ఏం జరుగుతుందంటే గలగలా మాట్లాడేవాళ్లే నీ టైమంతా తినేస్తారు, మూల కూర్చున్నది మూలే ఉంటుంది. ఎన్ని వారాలైనా పలకనిది, వెనక నుంచి పిలిస్తే తిరగనిది ఉంటే సిగ్గు అనుకుని వదిలేయకు, చెవిలోంచి చీము కారుతోందేమో చూడు, పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు ఏడాదికి రెండుసార్లు సెంటర్‌కి రావాలి, వచ్చినప్పుడు ముందు దాన్నే చూపించు. అప్పటిదాకా ఆగలేనట్టుంటే ఊరి నర్సమ్మకి, అదే ఏఎన్ఎంకి చెప్పు.

తల్లిదండ్రులు వచ్చి "ఏబీసీడీలు ఎప్పుడు నేర్పుతారు, పక్క కాన్వెంటులో ఎల్‌కేజీ వాళ్లు అప్పుడే రాసేస్తున్నారు" అంటారు. వాదన పెట్టుకోకు, గెలవలేవు. నెలకోసారి తల్లిదండ్రుల్ని పిలిచి పిల్లల చదువు గురించి చెప్పే ఈసీసీఈ డే పెడతావు కదా, ఆ రోజు వాళ్లని వరసగా కూర్చోబెట్టి స్పీచ్ ఇచ్చే బదులు పిల్లాడి బొమ్మ చేతికిచ్చి "ఇదేంటో మీవాణ్ణి అడగండి" అను. వాడు వాళ్లమ్మకి ఆగకుండా చెప్తాడు, పక్కింటి గేదె దగ్గర నుంచి. ఇంట్లో వాడితో అలా మాట్లాడమని అప్పుడు చెప్తే ఎక్కుతుంది.

ప్రీస్కూల్ కిట్‌లో వచ్చిన కథల పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వెయ్యకు, చాలా చోట్ల ఇన్‌స్పెక్షన్ నాడు తప్ప బయటికి రావు. పిల్లల చేతికందే ఎత్తులో తాడు కట్టి వేలాడదీయి. చిరుగుతాయి, చిరిగితే టేప్ అంటించుకో, మీ సూపర్‌వైజర్ ఏమన్నా అంటే నా నంబర్ ఇవ్వు, నేను మాట్లాడతా. ఒకే పుస్తకం వారం పొడుగునా చదువు, మొదటి రోజు నువ్వు చెప్పు, శుక్రవారానికి వాళ్లు చెప్పాలి. వచ్చే వీడియో ఆ శుక్రవారంది పంపు.

ఉంటా,
పెద్దమ్మ