ఒక్క కొత్త ఫిలాసఫీ పుస్తకంతో సెమిస్టర్ అంతా ఏం చేస్తారు?

విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను, ఫిలాసఫీ ఎంఏకి వెళ్దామనుకుంటున్నాను, అక్కడ ఒకే పుస్తకాన్ని సెమిస్టర్ పొడుగునా చదివిస్తారట, అన్ని రోజులు అందులో ఏముంటుంది అని అడిగారు కదా. నాదీ విజయవాడే. ఎంఏ హైదరాబాద్‌లో చేశాను, అక్కడ అలాంటి కోర్సు ఒకటి తీసుకున్నాను. నా చదువు మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది అదే.

ప్లేటోనో కాంట్‌నో చదివేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే బోలెడు వ్యాఖ్యానాలుంటాయి, ఏది ముఖ్యమో ఎవరో ముందే తేల్చిపెట్టి ఉంటారు. కొత్త పుస్తకానికి గైడు ఉండదు, పాత క్వశ్చన్ పేపర్లూ ఉండవు. రచయిత వాదన నిలబడుతుందో లేదో ఆ క్లాసులో కూర్చున్నవాళ్లే తేల్చుకోవాలి. మొదట్లో అందరికీ టెన్షన్‌గానే ఉంటుంది.

మేం చదివింది రాజనీతి శాస్త్రం ప్రొఫెసర్‌గా పనిచేసిన గోపాల్ గురు, ఫిలాసఫర్ సుందర్ సరుక్కై కలిసి అనుభవానికీ సిద్ధాంతానికీ ఉన్న సంబంధం మీద రాసిన 'ది క్రాక్డ్ మిర్రర్', 2012లో వచ్చింది, అప్పటికి కొత్తదే. దానికి ముందు కథ ఉంది. గురు 2002లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం రాశారు. మన సోషల్ సైన్సెస్‌లో సిద్ధాంతాలు చెప్పేవాళ్లు వేరు, వాళ్లకి సమాచారం పోగుచేసి ఇచ్చేవాళ్లు వేరు, ఆ విభజనలో కులం ఉంది, దళితులు తమ అనుభవాన్ని తామే సిద్ధాంతం చెయ్యాలి అని. 2007లో అదే పత్రికలో సరుక్కై దానికి స్పందించారు. పుస్తకంలో కూడా ఇద్దరూ అధ్యాయాలు విడివిడిగా రాశారు, ఒకరి మాటని ఇంకొకరు అలా ఊరికే ఒప్పేసుకోరు.

అందులో సరుక్కై వాదన ఒకటి మమ్మల్ని చాలా రోజులు కదలనివ్వలేదు. ఇష్టం లేనప్పుడు వదిలేసి వెళ్లిపోగలిగితే అది జీవితానుభవం కాదు, వెళ్లిపోయే స్వేచ్ఛ లేకపోవడమే దాని గుర్తు అంటారాయన. గుంటూరు నుంచి వచ్చిన క్లాస్‌మేట్ ఒకామె వెంటనే మిర్చి యార్డు సంగతి ఎత్తింది: రీసెర్చ్ కోసం వచ్చినవాడు నెల రోజులు హమాలీలతో పాటు బస్తాలు మోసి, ఆ ఘాటుకి దగ్గి, తర్వాత హాస్టల్‌కి వచ్చేస్తాడు, హమాలీ రాలేడు. సరే, మరి ఆ హమాలీ కూతురు చదువుకుని ఉద్యోగం తెచ్చుకుని బయటపడితే? తండ్రి అనుభవం గురించి రాసే హక్కు ఆమెకి ఉన్నట్టా, పోయినట్టా? ఇలా అడుగుతూ మళ్లీ అదే పేజీకి వెళ్లి, ఆయన సరిగ్గా ఏ మాట వాడారో, ఏది అనలేదో చూసుకునేవాళ్లం. మీరు అడిగిన 'అన్ని రోజులు' పోయేది ఇక్కడే.

చదవడంలో ఒక్క పద్ధతి మాత్రం ఖచ్చితంగా పెట్టుకోండి. ప్రతి పేరా పక్కన ఇది రచయిత సొంత మాటా, పూర్వపక్షమా (అంటే ఆయన జవాబు చెప్పబోయే ఎదుటివాళ్ల వాదనా) అని పెన్సిల్‌తో రాసుకోండి. ఎదుటివాళ్ల వాదనని రచయిత ఎంత బాగా చెప్తాడంటే, అది ఆయన అభిప్రాయమే అనుకుని సెమినార్‌లో దాని మీద విరుచుకుపడేవాళ్లు చాలామంది ఉంటారు.

ఎంఏలో చేరేదాకా ఆగక్కర్లేదు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఇలాంటివి దొరకడం కష్టం, అందుకని గురు వ్యాసంతోనే మొదలుపెట్టండి, చిన్నది. ఇంకొకరిని తోడు తెచ్చుకుని, రోజుకి రెండు మూడు పేజీలు చదివి, ఆ పేజీలో వాదన ఏమిటో పుస్తకం మూసి తెలుగులో వాళ్లకి చెప్పండి. చెప్పలేకపోయిన చోటు నుంచి మళ్లీ చదవండి.