ఆ గడిలో ఏం రాయాలి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దానితో పంపిన ప్రమోషన్ దరఖాస్తు నకలూ అందాయి. ‘పరిశోధన ఫలితాలు, సైటేషన్ల ప్రభావం’ అన్న గడిలో పేపర్లు 23, సైటేషన్లు (ఇతరులు తమ పేపర్లలో నీ పనిని ఉదహరించిన లెక్క) 611, హెచ్-ఇండెక్స్ 13 అని మూడు అంకెలు వేసి, కింద అరపేజీ ఖాళీగా వదిలేసి, ‘ఇవి చాలవేమోనని భయంగా ఉంది సార్’ అని రాశావు. ఆ అంకెలు చాలుతాయో చాలవో తేల్చేది కమిటీ, నేను కాదు. కానీ ఆ అరపేజీని ఖాళీగా వదిలితే మాత్రం వాళ్ళకు ఆ అంకెలు తప్ప చూడడానికి ఇంకేమీ మిగలదు. అందుకే నీకు ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా హెచ్-ఇండెక్స్ సంగతి చూద్దాం. 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించాడు. కనీసం పదమూడేసి సార్లు ఇతరులు ఉదహరించిన పేపర్లు నీకు పదమూడు ఉన్నాయని దాని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. వయసుతోపాటు అది పెరుగుతుందే గాని తగ్గదు కాబట్టి, నీ 13ను పాతికేళ్ళ సర్వీసు ఉన్నవాడి 30 పక్కన పెట్టి చూసుకుని కుంగిపోవడం అర్థం లేని పని. పైగా సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేసులు చూస్తే, గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో ఒకటి, వెబ్ ఆఫ్ సైన్స్‌లో మరొకటి వస్తాయి, ఎందుకంటే ఒక్కొక్కరు లెక్కలోకి తీసుకునే పత్రికలు వేరు. నీవు ఇచ్చిన అంకె ఎక్కడిదో, ఏ తేదీన చూసినదో దరఖాస్తులో లేదు. మొట్టమొదట అది రాయి.

అసలు మన జీవశాస్త్రంలో సైటేషన్లు ఎవరికి వస్తాయో ఎప్పుడైనా ఆలోచించావా? 2014లో నేచర్ పత్రిక అన్ని శాస్త్రాలలోనూ అత్యధికంగా ఉదహరించిన నూరు పేపర్ల జాబితా వేసినప్పుడు, మూడు లక్షలకు పైగా సైటేషన్లతో మొదటి స్థానంలో నిలిచింది 1951లో ఆలివర్ లోరీ, ఆయన సహచరులు ప్రొటీన్‌ను కొలవడానికి రాసిన పద్ధతి. అది గొప్ప పేపరేమీ కాదని లోరీయే ఒప్పుకున్నాడు. రెండో స్థానం 1970 నాటి లెమ్లీ పేపరుది. దాని శీర్షిక బాక్టీరియాకు సోకే టీ4 ఫేజ్ అనే వైరస్ తల ఎలా కూడుకుంటుందన్న దాని గురించి, కానీ దాన్ని ఉదహరించేవారిలో నూటికి తొంభై తొమ్మిది మందికి ఫేజ్‌తో పనే లేదు. వాళ్ళకు కావలసింది ప్రొటీన్లను పరిమాణం ప్రకారం విడదీయడానికి అందులో వాడిన జెల్ పద్ధతి. నీవూ నేనూ రోజూ పోసే జెల్ అదే కదా! డీఎన్‌ఏ జంట సర్పిలాన్ని లోకానికి చెప్పిన 1953 నాటి వాట్సన్, క్రిక్‌ల పేపరుకు ఆ నూటిలో చోటు దక్కలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, హెచ్-ఇండెక్స్ లెక్కలో లోరీ మూడు లక్షల పేపరూ, నీ పదమూడు సైటేషన్ల పేపరూ చెరొకటిగానే పడతాయి.

ఈ మాట విని పద్ధతుల పేపర్లంటే తక్కువ రకమని అనుకోకు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని ప్రచురించాడు. దాన్ని ఇన్నేళ్ళలో వేలసార్లు ఉదహరించారు. అయితే నాకు ముఖ్యమనిపించేది ఆ వేల సంఖ్య కాదు. కండర రసంతో ఆ పరీక్ష చేసినప్పుడు రంగు రావలసినంత వేగంగా రాలేదు. ఇంకొకరైతే రసాయనం పాడైందని పారబోసి మళ్ళీ కలిపేవారు. వాళ్ళిద్దరూ ఆ ఆలస్యం ఎందుకని పట్టుకుని వెళితే, తేలిగ్గా విడిపోయే ఫాస్ఫరస్ పదార్థమొకటి, అంటే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో బయటపడింది. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ సంగతీ అదే చేతుల మీదుగా వచ్చింది. పద్ధతిని సొంతంగా కట్టుకున్నవాడికే అది ఎక్కడ మొరాయిస్తుందో కనిపిస్తుంది.

నా సంగతి చెబుతాను, నవ్వుకో. వేడి దెబ్బ తగిలిన బాక్టీరియా ఏ జన్యువులను ముందు మేల్కొలుపుతుందో తేల్చడానికి నేను ఏడేళ్ళు పెట్టిన పేపరుకు ఇవాళ్టికి 19 సైటేషన్లు వచ్చాయి, అందులో ఆరు నావే. మామిడి ఆకుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయడం మీద ఒక వేసవిలో విసుగుతో రాసిన మూడు పేజీల కాగితానికి దానికి ఇరవై రెట్లు వచ్చాయి. మామిడి ఆకు నూరితే ఏమవుతుందో నీకు తెలుసు. ఫినాల్ పదార్థాలు గాలి తగిలి గోధుమరంగుకు తిరిగి ఆర్‌ఎన్‌ఏను పట్టేసుకుంటాయి, చక్కెర గొలుసులు గంజిలా జిగురు కడతాయి, ట్యూబు అడుగున మిగిలేది టీ మరకలాంటి ముద్ద. ఆ ఫినాల్‌లను పట్టుకునే పీవీపీ ఎంత వేయాలో, ఉప్పు ఎంత పెంచాలో, లిథియం క్లోరైడ్ వేశాక రాత్రంతా ఎందుకు ఆగాలో మాత్రమే అందులో రాశాను. ముద్ద తెల్లగా వస్తే ఎలా ఉంటుందో, గోధుమరంగులో వస్తే ఏ మెట్టు దగ్గర తప్పు జరిగిందో రెండు ఫోటోలు పెట్టాను. దాన్ని వాడుకున్నవారు నాకు రాసిన ఉత్తరాలలో ఎక్కువ మంది మెచ్చుకున్నది ఆ రెండో ఫోటోనే.

కాబట్టి ఇప్పుడు చేయవలసిన పని ఇది. నీ పేపర్లను ఉదహరించిన వాటిలో ఒక నలభై తెరిచి, నీ పేరు ఏ వాక్యంలో వచ్చిందో చదువు. ఉపోద్ఘాతంలో ఎనిమిది పేపర్లను ఒక్క బ్రాకెట్‌లో కుక్కి అందులో నిన్నూ తోసి ఉంటే అది దారిన పోతూ పెట్టిన దండం లాంటిది. ‘ఫలానా వారి పద్ధతి ప్రకారం చేశాము’ అని ప్రయోగ విభాగంలో ఉంటే వాళ్ళు నీ పనిని చేతితో తాకారన్నమాట. నీ ఫలితాన్ని మళ్ళీ చేసి చూశామని, లేదా నీతో విభేదిస్తున్నామని చర్చా విభాగంలో ఒక పేరా పెట్టారంటే దానికి నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇస్తాను. మూడు రోజుల పని. కానీ ఆ మూడు రోజుల తర్వాత 611 అన్న అంకెలో ఏ రకం ఎంత ఉందో నీకు తెలుస్తుంది, ఇంటర్వ్యూలో నీ గొంతు కూడా మారుతుంది.

లెక్కకు అందనివి కూడా కొన్ని ఉంటాయని మరిచిపోకు. 1963లో జీ.ఎన్. రామచంద్రన్ బృందం మద్రాసు విశ్వవిద్యాలయంలో గీసిన, ప్రొటీన్ గొలుసు ఏ కోణాలలో తిరగగలదో చూపే పటాన్ని ప్రొటీన్ నిర్మాణం చేసేవారందరూ ‘రామచంద్రన్ ప్లాట్’ అని వాడుతారు, కానీ మూల పేపరును ఉదహరించేవారు వారిలో కొందరే. పేరే పాఠమైపోయాక ఎవరూ అడుగున గమనిక పెట్టరు.

పేరు అన్నాను కదా, ఇక్కడ నీ ఫైలులో పెద్ద పొరపాటు ఉంది. మన తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు పెడతాము, పాశ్చాత్య డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరనుకుంటాయి. నీ పీహెచ్‌డీ పేపర్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది, విదేశంలో చేసిన వాటిలో పూర్తిగా చివర ఉంది, పెళ్ళయ్యాక వచ్చిన రెండింటిలో మరో ఇంటిపేరు చేరింది. డేటాబేసు దృష్టిలో మీరు ముగ్గురు. నా పేపర్లు కూడా ఇలాగే రెండు పేర్ల కింద చీలి, ఒక సంస్థ ఎంపిక జాబితాలో నా పేరు కిందికి జారిందని ఆలస్యంగా తెలిసింది. పరిశోధకులకు ఒక్కొక్కరికి ఒక్కటే ఇచ్చే ఆర్కిడ్ సంఖ్య తీసుకుని మొత్తం 23 పేపర్లనూ దానికి జోడించు, స్కోపస్‌లో మూడు ఖాతాలనూ కలపమని అర్జీ పెట్టు. నీ 13 ఆ ఒక్క పనితోనే మారవచ్చు.

పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్లను ప్రతి పేపరు పక్కనా బ్రాకెట్‌లో వేశావు, తీసెయ్. ఒక పత్రిక గత రెండేళ్ళలో వేసిన పేపర్లకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నదే ఆ అంకె. ఆ సగటును కొద్ది పేపర్లే పైకి లాగుతాయి, మిగతావి వాటి నీడలో ఉంటాయి. దాన్ని నీ పేపరు విలువగా చూపడం చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కణ జీవశాస్త్రజ్ఞుల సమావేశంలో మొదలైన డోరా ప్రకటన చెప్పేదీ ఇదే. అయినా కొన్ని కమిటీలు ఆ అంకెను ఇంకా అడుగుతాయి. ఫారంలో గడి ఉంటే నింపు, లేకపోతే నీవై ఎదురెళ్ళి ఇవ్వకు. పెద్ద పత్రిక తిప్పి పంపిందని పేపరును అటక మీద పెట్టవద్దు కూడా. సూక్ష్మజీవుల డీఎన్‌ఏలో మళ్ళీమళ్ళీ వచ్చే క్రిస్పర్ వరుసలు వాటి రోగనిరోధక వ్యవస్థ అయి ఉండాలన్న స్పెయిన్ శాస్త్రవేత్త మొహికా పేపరును పేరున్న పత్రికలు వరుసగా తిప్పికొడితే, చివరకు 2005లో జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ ఎవల్యూషన్‌లో వచ్చింది.

రాబోయే ఐదేళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: అడిగినవారికి నీ సామగ్రి పంపు. మా రోజుల్లో ప్లాస్మిడ్ (చిన్న డీఎన్‌ఏ వలయం) కావాలని ఎవరైనా రాస్తే, వడపోత కాగితం మీద ఒక చుక్క వేసి, ఆరనిచ్చి, చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి కవరులో పెట్టి పోస్టు చేసేవాళ్ళం. సిరా అయితే తడికి పాకుతుంది. అందుకున్నవారు ఆ సున్నాను కత్తిరించి నీళ్ళలో నానబెట్టుకునేవారు. ఇప్పుడు ప్లాస్మిడ్లను దాచి అందరికీ పంచే యాడ్‌జీన్ వంటి నిలయాలు ఉన్నాయి, జన్యుక్రమాలకు బహిరంగ భాండాగారాలు ఉన్నాయి. పేపరు అచ్చయిన రోజే అన్నీ అక్కడ చేరాలి. ‘అడిగితే ఇస్తాము’ అని రాసి, అడిగినప్పుడు జవాబివ్వనివారి పేపర్లను జనం ఒకసారి చదివి వదిలేస్తారు.

దొంగదారుల గురించి ఎక్కువ చెప్పను. ఒక కుండ పాలలో నీళ్ళు పోసి ఐదు కుండలు చేసినట్టు ఒక పనిని ఐదు పేపర్లుగా కోయడం, సంబంధం లేని చోట తన పేపర్లు తానే ఇరికించడం, సైటేషన్ల కోసమే సమీక్షా వ్యాసాలు రాయడం చుట్టూ చూస్తూనే ఉన్నావు. బొమ్మల విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. ఎలిజబెత్ బిక్ బృందం 20,621 పేపర్లను కళ్ళతో పరిశీలించి 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం వాటిలో 3.8 శాతం పేపర్లలో అనుమానాస్పదమైన బొమ్మలు ఉన్నాయి. నీ విద్యార్థి తెచ్చిన ప్రతి జెల్‌కూ అసలు ఫైలు అడిగి, తేదీతో భద్రపరచు. అడగడానికి మొహమాటపడితే నీ పేరే పోతుంది.

సైటేషన్ల లెక్కన ప్రపంచంలో పైనున్న రెండు శాతం శాస్త్రవేత్తలతో వేసే స్టాన్‌ఫర్డ్ జాబితాలో లేనని కూడా బాధపడ్డావు. ఆ జాబితా జీవితకాలానికి ఒకటి, ఏడాదికి ఒకటి అని విడివిడిగా వస్తుందని కూడా చూడకుండా కాలేజీలు గేటు ముందు ఫ్లెక్సీలు కడుతున్నాయి. ఫ్లెక్సీలో ఫోటో లేనందుకు దిగులుపడే వయసు కాదు నీది.

ఇక ఆ ఖాళీ అరపేజీ. ఐదు పేపర్లు ఎంచుకో. ఒక్కొక్కదానికి నాలుగు వాక్యాలు చాలు: ప్రశ్న ఏమిటి, అందులో నీ చేతి పని ఏది, ఏం తేలింది, దాన్ని ఎవరు ఎలా వాడుకున్నారు. మొదటి పేరు నీదా, చివరి పేరు నీదా అన్నది దాచకుండా రాయి, పదిమంది రచయితల మధ్యలో ఉన్న పేపరును నీదిగా చూపకు. తక్కువ సైటేషన్లున్న, ఈస్ట్ కణాల మీద రాసిన ఆ పేపరును ఐదింటిలో తప్పకుండా పెట్టు. అందులో నీ ఆలోచన మిగతా అన్నిటికన్నా స్పష్టంగా ఉందని నా అభిప్రాయం.

రాసింది గడువుకు వారం ముందు నాకు పంపు. అక్షరాలు పెద్దవిగా పెట్టి అచ్చు తీసి పోస్టులోనే పంపు, శుక్లాల ఆపరేషన్ తర్వాత తెర మీద ఎక్కువసేపు చదవలేకపోతున్నాను. ఎర్ర సిరా కలం ఇంకా నా దగ్గరే ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు