లేహ్‌లో చలికి తట్టుకునే తుమ్మెద

ప్రశ్న: సార్, జూన్‌లో లేహ్ వెళ్లాం. పొద్దున్నే మాకు స్వెటర్లలో కూడా వణుకు, కానీ బొద్దుగా, బొచ్చుతో ఉన్న తుమ్మెద ఒకటి పూల మీద హాయిగా తిరుగుతోంది. అంత చలికి అది ఎలా బతుకుతుంది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చూసింది బంబుల్ బీ అయి ఉంటుందమ్మా. మన ఇళ్ల దగ్గర చెక్కకు రంధ్రాలు చేసే నల్ల తుమ్మెదకు దూరపు చుట్టం. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, ఈ జాతులు కొన్ని అంతకంటే పైన కూడా ఉంటాయి.

ఎగరాలంటే దాని రొమ్ము కండరాలు దాదాపు 30 డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకని రెక్కలు ఆడించకుండానే ఆ కండరాలను వణికిస్తుంది, మనం చలికి వణికినట్టే, ఆ వేడి బయటికి పోకుండా ఒంటి మీది బొచ్చు కాపాడుతుంది. దీనికి బోలెడంత మకరందం కావాలి, పూలు లేకపోతే ఈ పద్ధతి అంతా కుప్పకూలుతుంది. చలికాలానికి కూలి ఈగలన్నీ చనిపోతాయి, కొత్త రాణులు మాత్రం మట్టిలో దూరి నిద్రపోతాయి.

మీ గుంటూరు ఎండలో తేనెటీగలది సరిగ్గా తిరగేసిన కథ. నీళ్లు మోసుకొచ్చి పట్టులో చల్లి, రెక్కలతో విసిరి, పిల్లలున్న చోటును 35 డిగ్రీల దగ్గర నిలబెడతాయి. ఎండాకాలం పెరట్లో ఒక పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టండి, రాళ్ల మీద వాలి మునిగిపోకుండా తాగుతాయి.

నాకు దిగులంతా కొండ ఈగల గురించే. కింద వేడి పెరిగితే పైకి జరగొచ్చు, శిఖరం దాటాక ఎక్కడికి పోతాయి?